నడిమి గింజ

నా చిన్నప్పుడు మూడు రాళ్ల ఆటలో నన్ను ఓడించినవాళ్లు కోరుట్లలో, కనీసం మా వీధిలో, లేరు. గొప్పకు చెప్పడం లేదు. ఎందుకో వింటే మీరే నవ్వుతారు.

బండ మీద సుద్దతో ఒక గడి గీసి, లోపల నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు గీతలు లాగితే, గీతలు కలిసే చోట్లు తొమ్మిది వస్తాయి. ఒకరికి మూడు చింతగింజలు, ఒకరికి మూడు పెంకుముక్కలు. వంతుల వారీగా పెట్టాలి, పెట్టడం అయ్యాక గీతల వెంట జరపాలి. మూడూ ఒకే వరుసలోకి వస్తే గెలుపు. నడిమి చోట మొదటి గింజ పెట్టినవాడు తప్పు చేస్తే తప్ప ఓడిపోడని ఒక ఎండాకాలమంతా ఒంటరిగా ఆడుకుని కనిపెట్టాను. మాది కిరాణం కొట్టు ఇల్లు. చవకగా సరుకు దొరికే చోటు ఎవరైనా ఊరంతా చెప్పుకుంటారా? నేనూ చెప్పలేదు. "పెద్దోణ్ణి నేను, ముందు నేనే" అని మాత్రం ప్రతిసారీ పట్టుబట్టేవాణ్ణి.

పక్కింటి అక్క అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేది. ఆమె చెల్లె నాకంటే రెండేళ్లు చిన్నది. ఆ పిల్ల వాననీళ్లలో కొట్టుకుపోతున్న కుక్కపిల్లను తెచ్చి, తన కంచంలో అన్నం పెట్టి బతికించింది. నా కన్ను దాని మీద పడింది. నేను గెలిస్తే కుక్కపిల్ల నాది, తను గెలిస్తే నెల రోజులు మా కొట్టులో పిప్పరమెంట్లు అని బేరం పెట్టాను. రోజూ ఓడిపోయే పిల్ల, ఒక్కసారైనా గెలవాలన్న పంతంతో ఒప్పేసుకుంది.

అక్క విన్నది. ఒళ్లో చాట దించకుండానే అంది: "మా చెల్లె తరపున నేనాడుత. ముందు నువ్వే వెట్టు తమ్మీ. గని అన్నదమ్ములు పాళ్లు పంచుకుంటే పెద్దోడు పాళ్లు వెడ్తడు, చిన్నోడు ఏరుకుంటడు గదా, గట్లనే ఆడుదాం. నువ్వు ఒక్క గింజ వెట్టు. గింజలు నావో పెంకులు నావో అప్పుడు జెప్త."

సరే అన్నాను. బేరమాడకుండా ఒప్పుకునేవాణ్ణి చూసి జాలిపడాలని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు ఆ మనిషిని నేనే.

అలవాటు ప్రకారం నడుమ పెట్టాను. వేలు ఇంకా గింజ మీదే ఉంది.

"గింజలు నావి," అంది అక్క.

చెంప మీద కొట్టినా అంత అదిరిపోయేవాణ్ణి కాదు. నేను పెట్టిన గింజ, నేను కనిపెట్టిన చోటు, అటువైపు నుంచి నన్నే చూస్తోంది. చేతిలోకి పెంకులు వచ్చాయి. ఆ వైపు కూర్చుని నేను ఎప్పుడూ ఆడలేదు. ఎటు పెట్టినా దారి మూసుకుపోయింది. అక్క బీడీలు చుడుతూనే గెలిచేసింది.

"ఇంకోసారి, అక్కా."

"ఆడు. గదే షరతు."

గింజ తీసుకున్నాను. నడుమ పెడితే తీసుకుంటుంది. పక్కన పెడితే పెంకులు తనవని, నడుమ తనే పెడుతుంది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చివరికి గింజ జేబులో వేసుకున్నాను.

అక్క చెల్లె వైపు తిరిగింది. "సూసినవానే? నీకు తెలివి లేక ఓడిపోలే. ముందు నడుమ వెట్టినోడే గెలుస్తడు, గంతే."

ఆ పిల్ల నన్ను అడిగింది: "నీకు ముందే ఎర్కేనా?"

తలూపాను. కోప్పడితే తట్టుకునేవాణ్ణి. తనది మట్టిబుర్ర అని ఇన్నాళ్లూ నమ్మిందని ఆ ముఖం చూశాకే తెలిసింది. కుక్కపిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత మా తాత పెట్టిన కొట్టులోనే కూర్చున్నాను, జగిత్యాలలో ఇంకోటి తెరిచాను. బేరంలో గట్టివాడని పేరొచ్చింది. ఎవరైనా ఆ మాట అంటే ఇప్పటికీ ఆ నడిమి గింజే గుర్తొస్తుంది. నాకంటే చురుకైన మనిషి కళ్లు మసకబారేదాకా బీడీలు చుట్టింది. ఆమె మా ఇంట్లో, నేను వాళ్లింట్లో పుట్టి ఉంటే ఈ గల్లా ముందు ఎవరుండేవాళ్లో నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ధర ఎక్కువే చెబుతాను. చెప్పాక మాత్రం, ఎదుటివాళ్ల ముఖంలోకి ఒకసారి చూడకుండా ఉండలేను.