పసుపు కాళ్ల ఈగ

పదకొండేళ్లుగా నేను మోస్తున్న బరువు నువ్వుగింజంత కూడా ఉండదు. అది ఒక ఈగ. నవ్వొస్తే నవ్వండి. నా పేరు మాత్రం రాయను. మీది ఏలూరైతే నన్ను పోల్చుకోవాలని చూస్తారు, నాకు తెలుసు. ఈపాటికే ఒకరిద్దరు లెక్చరర్ల ముఖాలు మీ కళ్లముందు మెదిలే ఉంటాయి. మనుషుల మీద నాకు మొదటినుంచీ అనుమానమే. ఈ పాపం కూడా దానివల్ల వచ్చిందే.

నేను జువాలజీ చెప్పేవాణ్ణి. సువార్త నా దగ్గర పరిశోధన చేసేది. తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరులో వచ్చేది. తండ్రి బడిపంతులు. ఆ ఇంట్లో డాక్టరేటు గడప దాకా వచ్చింది ఈ పిల్ల ఒక్కతే. కొల్లేటి ఒడ్డున చేపలు ఎండబెట్టే చోట, ఒక మబ్బు రోజున, ముసిరిన ఈగల్లో కొత్తదాన్ని మొదట గుర్తుపట్టింది ఆమే. మూడు దొరికాయి. రెండు కోసి చూడటంలో పాడైపోయాయి. కొత్త జీవికి పేరు పెడితే ఆ పేరుకు సాక్ష్యంగా ఒకదాన్ని భద్రంగా దాచాలి. మాకు మిగిలిన సాక్ష్యం ఆ ఒక్కటే.

మైక్రోస్కోపు కింద ఎంత ముచ్చటగా ఉండేదో. వీపు మీద రెండు వరుసల ముళ్లవెంట్రుకలు, రెండో జత రెక్కలు ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి చిన్న గుబ్బలు, పొట్ట చివర కొడవలిలా వంగిన కొక్కెం. అన్నిటికన్నా ఆ వెనక కాళ్లు. మోకాలి కింద నుంచి గోళ్ల దాకా పసుపు. దాని దగ్గరి జాతి ఈగలు వేటికీ అలాంటి కాళ్లు లేవు. అందుకే పేరు కూడా కాళ్లను బట్టే పెట్టాను. బొమ్మ సువార్త గీసింది. ఒక కాలికి పసుపు తక్కువగా, మచ్చలుమచ్చలుగా వేసింది. అదేమిటని అడిగితే, ఉన్నది ఉన్నట్టే వేశానంది. రెండు కాళ్లూ ఒకేలా ఉండాలని నేనే దగ్గరుండి దిద్దించాను. అప్పుడైనా నాకెందుకు తట్టలేదు? తట్టకూడదనే అనుకున్నానా?

వ్యాసం అచ్చయింది. కాలేజీలో శాలువా కప్పారు. వానలు మొదలయ్యాక ఎండు ఈగకు బూజు పడుతుందని నేనే దాన్ని స్పిరిట్ సీసాలో వేసి బీరువాలో పెట్టాను. తాళంచెవి నా దగ్గర ఒకటి, సువార్త దగ్గర ఒకటి. వారం తర్వాత తీసి చూస్తే కాళ్లు ఎండుగడ్డి రంగులో ఉన్నాయి.

ఇది నా ఈగ కాదనుకున్నాను. వెంటనే రెండో తాళంచెవి గుర్తొచ్చింది. ఆ మధ్య ఆమె వేరే ఊరి ప్రొఫెసరుతో ఫోనులో మాట్లాడటం విన్నాను. అసలుదాన్ని ఆయనకిచ్చి ఏదో మామూలు ఈగను ఇక్కడ పెట్టిందని ఒక్క పూటలో కథంతా అల్లేశాను. కొక్కెం చూస్తే అదే ఈగో కాదో తేలిపోయేది. చూడలేదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మా అటెండరు ఎవరితోనో అంటుంటే, అది నన్నేనని అతని మీద కూడా అనుమానపడ్డాను.

సువార్తను పిలిచి అడిగాను.

"స్పిరిట్లో రంగు దిగిపోయిందేమోనండీ," అంది.

"పుట్టుకతో వచ్చిన రంగు వారానికే దిగిపోతుందా?"

"ఏమో సార్, నాకు తెలీదండీ. నేను మాత్రం మార్చలేదండీ. మీరే నమ్మకపోతే ఇంకెవరికి చెప్పుకోనండీ?"

తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అలా పెట్టడం కూడా నాకు నేరం ఒప్పుకున్నట్టే కనిపించింది. సువార్త ఈగను మార్చేసిందని ప్రిన్సిపాలుకు ఉత్తరం రాశాను. సోమవారం విచారణ అన్నారు.

రుజువుకు మరికొన్ని ఈగల్ని పట్టి తెద్దామని ఆదివారం ఒక్కణ్ణే బయల్దేరాను. గుండుగొలనులో బస్సు దిగి, ఆటోలో కొల్లేటి ఒడ్డుకు వెళ్లాను. ఆరోజూ మబ్బే. ఒకావిడ చేపల్ని చీల్చి కడుపులో ఉప్పు, పసుపు కూరుతోంది. ఆమె చేతులు మణికట్ల దాకా పచ్చగా ఉన్నాయి. ఎండ లేని రోజుల్లో ఉప్పొక్కటే చాలదండీ, పురుగు పట్టకుండా పసుపు కూడా రాస్తామండీ అని చెప్పింది. ఆ చేపల మీదే ఈగలు. వాటి వెనక కాళ్లూ పచ్చగానే ఉన్నాయి.

నాలుగైదు ఈగల్ని పట్టి ఇంటికి తెచ్చాను. భూతద్దం కింద పెట్టి, తమలపాకుల పళ్లెంలోని తడి సున్నాన్ని సూదిమొనతో ఒకదాని కాలికి తాకించాను. ఎర్రబడింది. పసుపుకు సున్నం తగిలితే ఏమవుతుందో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. నేను మాత్రం దాన్ని శాస్త్రంలోకి ఎక్కించి అచ్చు వేయించాను.

ఈగ కొత్తదే. కొక్కెం నిజం, ముళ్లు నిజం. పసుపొక్కటే అబద్ధం, స్పిరిట్లో దిగిపోయింది అదే. సోమవారం ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ చేపల పసుపు చూసి ఈగకు పేరు పెట్టిన మాస్టారని జిల్లా అంతా నవ్వుతుందే! రాసింది తప్పని తేలితే శాలువా కప్పినవాళ్లే మొదట నవ్వుతారు. ఉత్తరానికి కట్టుబడి ఉన్నారా అని విచారణలో అడిగారు. ఉన్నానన్నాను. సువార్త నావైపే చూస్తోంది. ఆమె పరిశోధన రద్దు చేశారు. నాకు సిగ్గు వేసింది.

పోయిన ఏడాది గూడెం స్టేషన్లో కనిపించింది. ఏదో ప్రైవేటు బళ్లో సైన్సు చెబుతోందట. చంకలో చుట్టిన చార్టు ఉంది. బాగున్నారా సార్ అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందా? ఎంత వెతికినా దొరకలేదు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నది నేనే. ఆ చార్టులో ఏం బొమ్మ వేసిందో అడగలేకపోయాను.

ఇది రాస్తే ఆమెకు చేజారిన డాక్టరేటు దక్కదు. క్షమించమనడానికి నాకు ముఖం లేదు. మంచివాణ్ణనిపించుకోవడానికే రాస్తున్నానేమోనని ఇప్పుడు నా మీద నాకే అనుమానం. కావచ్చు. అయినా పదకొండేళ్లుగా గొంతులో ఆగిన మాట ఇక్కడ పెడుతున్నాను. సువార్త ఈగను మార్చలేదు. విచారణ గదిలో కూర్చునేటప్పటికే నాకు ఆ సంగతి తెలుసు.

నా పేరు దాచుకున్నాను. ఆమె పేరు మాత్రం అసలుదే రాశాను. ఆమెకు దాచుకోవాల్సిందేమీ లేదు.