ఆయనకే చెప్పవలసిన మాట

తాండూరులో మా టెలిఫోన్ ఆఫీసుకు ఉన్నవి రెండే గదులు. ముందు గదిలో లైన్లు కలిపే బోర్డు, దాని ముందు ఆపరేటరు, వెనక గదిలో మా పైఅధికారి, సారు. అరవైల మొదట్లో ఊళ్లో ఫోన్లున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కంది వ్యాపారులు, బండల గనుల యజమానులు, డాక్టరు, పోలీసు ఠాణా. ఎవరు ఎవరితో మాట్లాడినా మా చెవిన పడాల్సిందే. చేరిననాడే సారు ఒక్క మాట చెప్పాడు: "లైన్ల విన్నది ఈ ఆఫీసు కడప దాటొద్దు." ఆ మాట మీద నేను మహా పట్టుదలగా ఉండేవాణ్ణి. హైదరాబాదులో కందులు ఎంత పలికాయో చెప్పమని ఒక సేటు మిఠాయి పొట్లం పంపితే, తెచ్చినవాడి మొహాన కొట్టినంత పని చేశాను. నా అంత నిజాయితీపరుడు ఆ చుట్టుపక్కల లేడని నాకు గట్టి నమ్మకం.

నాతోపాటు ఇంకో ఆపరేటరు ఉండేవాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. బోర్డు పని నాకు నేర్పింది ఆయనే. నన్ను "తమ్మీ" అనేవాడు, నేను "అన్నా" అనేవాణ్ణి. పొద్దున డ్యూటీ నాది, మధ్యాహ్నం రెండింటి నుంచి ఆయనది. తలకు తగిలించుకుని మాట్లాడే హెడ్‌సెట్లు రెండింటిలో ఒకటి పాడై రిపేరుకు పోయింది. మిగిలినదాన్ని నేను తీసి ఇస్తే ఆయన పెట్టుకునేవాడు. ఆయన నోటికి ఆనిందే మర్నాడు పొద్దున నా నోటికి ఆనేది.

ఆ చలికాలమంతా ఆయనకు దగ్గు. అడిగితే, "బండల దుమ్ము తమ్మీ, గీ ఊర్ల ఎవనికి లేదు?" అని కొట్టిపారేసేవాడు.

ఒకనాడు పన్నెండు దాటాక వికారాబాద్ నుంచి ట్రంకు కాల్ వచ్చింది. దవాఖాన నుంచి నర్సు. ఆయన కావాలంది. రెండింటికి వస్తాడు, సంగతేమిటని అడిగాను. ఆయనతోనే మాట్లాడాలంది.

"నేను ఆయన తమ్ముణ్ణేనమ్మా, చెప్పుండ్రి," అన్నాను. ఆ అబద్ధం ఎంత సులువుగా నోట్లోంచి వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు.

ఆమె నమ్మింది. "పోయిన వారం ఆయనకు చేసిన పరీక్షల క్షయ అని తేలింది. రేపే వచ్చి చేరాలె. మందులున్నయి, భయం లేదు. జర నిమ్మలంగ, ఆయనొక్కనికే చెప్పుండ్రి."

హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాను. ఇంట్లో నాకు ఆరు నెలల బిడ్డ. పొద్దున దాని బుగ్గలు ముద్దాడి డ్యూటీకి వచ్చాను.

ఇంకా గంటన్నర టైముంది. నిమ్మళంగా ఆలోచిస్తే దారి దొరికేదే. ఆయన రాగానే బయటికి పిలిచి నలుగురికీ దూరంగా చెప్పొచ్చు. లేదంటే సారు గదిలోకి తీసుకుపోయి తలుపు వేయొచ్చు. నేను ఆలోచించలేదు, ఉడికిపోయాను. తెలిసే దాచాడేమో, తెలిసే రోజూ ఆ హెడ్‌సెట్ నాకు వదిలిపోయాడేమో అనుకున్నకొద్దీ భయం కాస్తా కోపమైంది. భయమేస్తే నాకు కోపమే వస్తుంది. ఆ గంటన్నరలో పప్పు మిల్లు అడిగినవాణ్ణి పోలీసు ఠాణాకు కలిపాను.

రెండింటికి ఐదు నిమిషాలుండగా ఆయన వచ్చాడు. లైన్‌మన్ రిజిస్టర్లో సంతకం పెడుతున్నాడు. ట్రంకు కాల్ కోసం ఇద్దరు కంది సేట్లు బెంచీ మీద ఎదురుచూస్తున్నారు. ఆయన ఎప్పటిలాగే చేయి చాపాడు.

"ఇయ్యి తమ్మీ. ఇగ నువ్వు ఇంటికి పో."

నేను హెడ్‌సెట్ వెనక్కి లాక్కున్నాను. "ముట్టకు! నీకు టీబీ ఉన్నదంట, దవాఖానోళ్లు ఫోన్ చేసిన్రు. గిన్ని దినాలు నాకెందుకు చెప్పలే?"

లైన్‌మన్ కలం వదిలేసి తలుపు దగ్గరికి జరిగాడు. సేట్లలో ఒకాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. బోర్డు మీద ఎవరిదో కాల్ వస్తోంది, ఎవరమూ తీయలేదు. అన్న చేయి ఇంకా చాపే ఉంది.

"నాకు సుత గిప్పుడే తెలుస్తున్నది తమ్మీ," అన్నాడు.

సారు బయటికొచ్చి ఆయనకు సెలవు రాసిచ్చి పంపాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "కాలు జారితే తీసుకోవచ్చు. నోరు జారితే ఎట్ల తీస్కుంటవ్?" అని మాత్రం అన్నాడు.

చీకటి పడ్డాక ఆయన ఇంటికి పోయాను. సేట్ల నోట బజారుకు, బజారు నుంచి ఆ ఇంటి యజమానికి కబురు చేరిపోయింది. ఖాళీ చేయమన్నాడట. ఆయన భార్య కళ్లు తుడుచుకుంటూ బట్టలు మూట కడుతోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేను గుమ్మంలోకి అడుగు పెట్టబోతే ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"గాడ్నే నిలబడు తమ్మీ. నీ ఇంట్ల పసిబిడ్డ ఉన్నది."

నాకు ఏడుపు ఆగలేదు. "తప్పయింది అన్నా. బిడ్డకేమైతదోనని భయమైంది," అన్నాను.

"భయం కాకుంటెట్ల? ముందుగాల నాకు చెప్తే నేనే దూరం జరుగుతుంటి," అని ఆయన భార్య వైపు చూశాడు. "ఆఫీసుల నుంచి సీదా ఇంటికి రాలే నేను. ఈమెకు ఎట్ల చెప్పాల్నని స్టేషన్ల కూసొని, పొద్దుగూకెదాంక మాటలు కూడేసుకున్న. వచ్చి చూస్తే మూటలు కడ్తున్నది. మా ఇంటామెకు నా నోటితోని చెప్పుకునే మాట తమ్మీ, గదొక్కటన్న నాకు ఉంచకపోతివి."