ముగ్గు అంటని కాలు

నా చిన్నప్పుడు, 1967 మార్చిలో ఒక ఆదివారం, సాయంత్రం నాలుగున్నరకు, చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో కోతలైన పొలంలో చెడుగుడు పందెం మొదలైంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. గెలిచిన ఊరికి పొట్టేలు. తీర్పు చెప్పేది మా పెదనాన్న.

చివరికి మా వైపు పక్కింటి అన్న ఒక్కడే మిగిలాడు. పొరుగూరి ఆటగాడు కూత పెడుతూ వచ్చి, అతని కాలివైపు చెయ్యి విసిరి, వెనక్కి ఉరికి, గీత దాటగానే "తగిలింది!" అని కేకేశాడు. పెదనాన్న చెయ్యెత్తాడు. అన్న అవుటైపోయాడు. పొట్టేలు పొరుగూరికి వెళ్లిపోయింది.

"నాకు తగల్నేదు పెదనాన్నా" అని అన్న ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. సొంత ఊరు ఓడిపోయేలా తీర్పు చెప్పిన మనిషి తప్పెందుకు చెబుతాడని అందరి లెక్క. ఆయనకున్న మంచిపేరే అన్నను అబద్ధాలకోరును చేసింది. ఆ తర్వాత అతను కనబడితే చాలు, "ఒరే, ఆడి సేతి మట్టి మరక కనపడకుండా కాలు కడిగేసినావేటి?" అని కుర్రాళ్లు నవ్వేవారు. అతను ఆటకు రావడం మానేశాడు. కానీ గోడ అవతల ఒక్కడే కూత పట్టడం నాకు వినబడేది.

మరుసటి ఏడు పందెం ముందు మా పెద్దమ్మ ముగ్గు డబ్బా తెచ్చి పెదనాన్న ముందు పెట్టింది.

"కూతకెళ్లేవోడి సేతులకి ఇది రాయించండి. తగిల్తే మరక పడతాది. మీ కళ్లకీ కాస్త సాయం ఉంటాది" అంది.

ఆ రోజు పొరుగూరి నుంచి ఆ ఆటగాడే వచ్చాడు. మళ్లీ అదే విసురు, అదే కేక. పెదనాన్న చెయ్యి సగం లేచి ఆగింది. ఆయన వంగి మా జట్టు కుర్రాడి కాలు చూశాడు. చెమట పట్టిన నల్లటి పిక్క మీద తెల్లని మరక ఎక్కడా లేదు.

ఆయన ఆట ఆపించాడు. నేరుగా పక్కింటికి వెళ్లి, అన్నను చెయ్యి పట్టుకుని తెచ్చి గీత మీద నిలబెట్టాడు.

"నిరుడు ఈడు నిజమే సెప్పినాడు" అన్నాడు.

"నిరుడు ముగ్గు నేదు కదా మావా, నీకెలా తెలుసు?" అని గుంపులోంచి ఎవరో అడిగారు.

"తగలడం నాను సూడనేదు. ఆడి కేక ఇని సెయ్యెత్తీసినాను. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. ఇయ్యాల్టిది ముగ్గు సెప్పింది. నిరుటిది నానే సెప్పాల."

అప్పుడు అన్న, "మరి పొట్టేలో, పెదనాన్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుతూనే అతను చొక్కా ఎత్తి మొహం తుడుచుకున్నాడు.

ఇప్పుడు టీవీలో క్రికెట్ చూస్తుంటే, అంపైర్ పొరపాటును నాలుగు వైపుల నుంచి తిప్పి తిప్పి చూపిస్తారు. మంచిదే. అదీ మా పెద్దమ్మ ముగ్గు డబ్బా లాంటిదే. నేను మాత్రం బంతిని చూడను, తీర్పు మార్చుకునే మనిషి మొహం చూస్తాను. తెలియని సంగతి నన్నెవరైనా అడిగితే "నేను చూడలేదు" అని చెప్పడానికి ఈ రోజుకీ వెనకాడను.

ఆ ఒక్క తీర్పు వల్ల పోయినవి: ఒక పొట్టేలు, దాన్ని మర్నాడే వండేసుకున్నారు. పక్కింటి అన్న వయసులో ఇరవయ్యో ఏడు, మొత్తంగా.