పెద్దనాయన రంగు ముంచిన కోడిపిల్లలు

మా పెద్దనాయన అరుగు దిగకుండానే ఆంధ్ర రాష్ట్రం తెచ్చాడు. చిత్తూరు పక్కనుండే గుడియాత్తంలో మా వీధి వాళ్ళంతా అలాగే అనుకోవాలని ఆయన కోరిక. మా నాన్నకు అన్న, ఇంటికి పెద్ద. మగ్గం మీద కూర్చుని ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. నూలుకు రంగు వేసే పని తనదని చెప్పుకునేవాడు గానీ, తొట్టి దగ్గర చేతులు కాల్చుకునేది మా నాన్న, పక్కన నిలబడి ఇంకాస్త ముంచమనేది ఈయన. పూచికపుల్ల తీసి ఇటునుంచి అటు పెట్టని మనిషికి పొద్దున్నే తెలుగు పేపరు మాత్రం కావాలి. మాదంతా అరవ బడి చదువు. ఆయనకు తెలుగులో ఒక్క అక్షరం రాదు. పేపరు ఒళ్ళో పరుచుకుని, చిత్తూరు బస్సు దిగినవాళ్ళు చెప్పిన మాటల్నే అందులో చదివినట్టు చెప్పేవాడు. వినేవాళ్ళకూ చదవడం రాదు కాబట్టి ఆయన పరువుకు ఢోకా లేకుండా పోయింది.

ఆంధ్ర ఇస్తామని ఢిల్లీ వాళ్ళు ఒప్పుకున్నాక వచ్చిన మొదటి శివరాత్రి రోజులవి. చలి తగ్గుముఖం పట్టింది. మా అత్త కోడిని పొదగేసింది.

అత్త అంటే నాన్నకు చెల్లెలు. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసింది, పిల్లలు లేరు. తిండికి లోటు లేదు గానీ, ఇంకేం కావాలన్నా పెద్దనాయన్ని అడగాలి. అడిగితే ఇస్తాడు. ఇచ్చి, నలుగురికీ చెప్పుకుంటాడు. అత్తకు అది చావుతో సమానం. అందుకే కోళ్ళు పెంచింది, పెరట్లో మళ్ళు కట్టి కూరలు వేసింది. గుడ్లూ కూరలూ వీధిలో అమ్ముకుని తన అవసరాలు తానే చూసుకునేది. కిందటేడు తెగులొచ్చి కోళ్ళన్నీ తలలు వాల్చేశాయి. ఒక్క నల్లపెట్ట మిగిలింది. దాని కోడిపిల్లలు నిలబడితేనే అత్త ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతికేది. ఆ సంగతి పిల్లదాన్ని నాకే తెలుసు, ఇంటిపెద్దకు తెలియదా?

నూలు దొరక్క ఆగిపోయిన ఒక మగ్గం గుంతలో గంప పెట్టి, ఊక పోసి, దాంట్లో పొదిగించింది. పిల్లలు బయటపడ్డాక అత్త వాటి వెంటే. సాయంత్రం పాత కుండలో పేడా గడ్డీ కుక్కి, పుట్ట పక్కన బోర్లించి వచ్చేది. తెల్లారేసరికి అందులో చెదలు పట్టి ఉండేవి. పెరట్లో విదిలిస్తే పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఏరుకునేవి. అప్పుడే మొలిచిన తోటకూర, వంగనారు కాళ్ళతో కెలకకుండా మళ్ళ చుట్టూ తుమ్మకంప పరిచింది. నన్ను కాపలా పెట్టి తను నీళ్ళు చేదేది.

ఒకనాడు గద్ద దిగి ఒక పిల్లను తన్నుకుపోయింది. అత్త అరుపు విని, పెద్దనాయన అరుగు మీద నుంచే తీర్పు చెప్పాడు.

“పిల్లలకు ఎర్రరంగు ముంచితే సరి. గద్ద నిప్పనుకొని దగ్గరికి రాదు.”

“వద్దన్నా,” అంది అత్త. “ఆ నీళ్ళల్లో సోడా ఉండాది, ఒళ్ళు కాలిపోతాది. రంగు మారితే తల్లి కూడా దగ్గరికి రానియ్యదు.”

“నువ్వు సుమ్మా ఉండమ్మా. నీకేం తెలుస్తాది. రాష్ట్రాలు కొలిచేవాళ్ళం, ఈ గద్దలెంత మాకు?”

అరుగు మీద వాళ్ళు నవ్వారు. అత్త లోపలికి పోయింది.

మర్నాడు అత్త బట్టలుతకడానికి ఏటికి పోయింది. అప్పుడు, తగుదునమ్మా అని, పెద్దనాయన అరుగు దిగాడు. ఆయన బతుకులో దిగక దిగక ఆ రోజే దిగాడు. నూకలు చల్లి, చుట్టూ చేరిన పిల్లల్ని ఒక్కొక్కదాన్నే పట్టి, తొట్టిలో మిగిలిన రంగునీళ్ళలో ముంచి వదిలాడు. అంత శ్రద్ధగా ఆయన ఏ పనైనా చేయగా చూడటం నాకు అదే మొదలు. ఒక్కదాన్నీ వదిలిపెట్టలేదు మహానుభావుడు.

పిల్లలు వణుక్కుంటూ తల్లి రెక్కల కిందికి పోయాయి. నల్లపెట్ట వాటిని చూసి మెడ ఈకలు లేపింది. తన పిల్లల్నే నెత్తి మీద పొడిచి తరిమింది. అవి మళ్ళీ వచ్చాయి, మళ్ళీ పొడిచింది.

అత్త వచ్చి చూసింది. తడిబట్టల మూట నేల మీద వదిలేసి పిల్లల్ని కొంగులోకి ఏరుకుంది. గోరువెచ్చటి నీళ్ళతో కడిగింది. రంగు పోతేగా? మా ఇంటి రంగు, నేసిన లుంగీ చిరిగినా పోదు. నూలు పోగుల్లో చుట్టి పొయ్యి పక్కన పెట్టింది. మరుసటి రోజు సాయంత్రానికి అన్నీ చచ్చిపోయాయి. సొరపాదు మొదట్లో గుంత తీసి పూడ్చిపెట్టింది. మట్టి అంటిన బట్టల మూట తీసి మళ్ళీ జాడించింది. నాకైతే పెద్దనాయన చెయ్యి విరగ్గొట్టాలనిపించింది.

ఆయన మాత్రం అరుగు మీద, “అది అరవ కోడప్పా. మన కోడయితే పిల్లల్ని గుర్తుపట్టదా? కానీ చూసినారా, గద్ద మళ్ళీ రాలేదు” అన్నాడు. సిగ్గూ ఎగ్గూ లేని మనిషి. ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నాడో, ప్రతిసారీ నవ్వేవాళ్ళు దొరికారు. అలాంటివాళ్ళకు మా వీధిలో ఎప్పుడూ కరువు లేదు.

ఎండలు ముదిరాయి. బావి అడుగంటి, ఇంటికే నీళ్ళు చాలలేదు. మళ్ళు ఎండిపోయాయి. నల్లపెట్ట గుడ్లు పెట్టడం మానేసింది. అత్త దగ్గర అమ్ముకోవడానికి ఇక ఏమీ మిగల్లేదు.

దసరాకు ముందు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. చిత్తూరు అటు పోయింది, మా ఊరు ఇటే ఉండిపోయింది. పెద్దనాయన రెండు పూటలు అన్నం మానేశాడు. చావింటికి వచ్చినట్టు వీధి వీధంతా పరామర్శకు వచ్చింది. అరుగు మీద కూర్చుని ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఒక్కరోజు చూడని ఊళ్ళ కోసం ఆ కన్నీళ్ళు.

అత్త తలకు నూనె అయిపోయి అప్పటికి చాలా రోజులైంది. జుట్టు పీచులా తేలిపోయింది. ఖాళీ సీసా పట్టుకుని వచ్చి, గడప లోపలే నిలబడింది. ఆయన మాట ముగిస్తే అడగాలని.

“ఏం చెప్పేది నాయనా,” అంటున్నాడు పెద్దనాయన. “పుట్టిన ఇంట్లోనే చెయ్యి చాపి అడుక్కొనే గతి పట్టింది మనకు. ఈ బాధ ఎవురికి తెలుస్తాది?”

అందరూ తలలూపారు. అత్త సీసా కొంగు చాటున పెట్టుకుని లోపలికి వచ్చేసి, కుండలో నీళ్ళు చేత్తో అద్దుకుని తల దువ్వుకుంది.