చిన్నమ్మ డాబా మీది ఎండ

మా చిన్నమ్మ పోయింది. పోయిన సోమవారం పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెడుతూనే ఒరిగిపోయిందట. ఎల్లారెడ్డి నుంచి కబురొచ్చినప్పుడు నేను కామారెడ్డిలో బడికి బయలుదేరుతున్నాను. ఎల్లారెడ్డి బస్సెక్కాక కూడా ఆ మాట మనసుకు ఎక్కలేదు. కిటికీలోంచి ఎండ ఒళ్లో పడుతుంటే, ఆమె పక్కన డాబా మీద కూర్చున్నట్టే ఉంది.

రెండేళ్ల కిందటి వేసవిలో కరెంటు ఎప్పుడు వచ్చేదో, ఎప్పుడు పోయేదో తెలిసేది కాదు. మస్కట్‌లో పనిచేసే చిన్నాయన ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు. ఆ వేళకు చార్జింగ్ లేకపోతే మళ్లీ వారం ఆగాలి. అందుకని ఇంటికి సోలార్ పెట్టించుకుంటానని చిన్నమ్మ కామారెడ్డి వచ్చింది. నేనే దుకాణానికి తీసుకెళ్లాను.

పలకలు, బ్యాటరీలు, ఇన్వర్టరు కలిపి లక్ష దాటుతుందన్నాడు దుకాణదారు. నాలుగైదేళ్లకు బ్యాటరీలు మార్చుకోవాలనీ చెప్పాడు. చిన్నమ్మ ఓపికగా అంతా విని, మూలన వేలాడుతున్న చిన్న పలకను చూపించి అదేమిటని అడిగింది. చేతిసంచిలో పట్టేది అది. ఒక దీపం వెలుగుతుంది, ఒక ఫోన్ చార్జ్ అవుతుంది. వెల రెండు వేల లోపే.

దానితో ఫ్యాన్ తిరగదని చెప్పాను.

"గాలికేమున్నది, ఇసురుకుంట. నాకు కావాల్సింది మాట," అన్నది.

ఆ పలకను డాబా మీద పరిచి, పక్కనే పందిరి నీడలో బీడీలు చుడుతూ కూర్చునేది. పొద్దు జరిగినకొద్దీ పలకనూ జరిపేది. సెలవులకు వెళితే నేనూ అక్కడే. తునికాకు వాసన, పొలాల మీద వణికే ఎండ, మధ్యలో ఆగిపోయే మా మాటలు. మధ్యాహ్నం ఎప్పుడు సాయంత్రమయ్యేదో తెలిసేది కాదు. వాడకట్టు ఆడవాళ్లు తమ ఫోన్లు తెచ్చి పెట్టిపోయేవారు. ఎవరైనా పైసలివ్వబోతే, "ఎండ నా డాబా మీద పడ్డదని నాదైతదా?" అనేది.

పక్కింటి కోడలి భర్త దుబాయ్‌లో ఉండేవాడు. కంపెనీ మూతపడ్డాక రెండు నెలలు అతని జాడ లేదు. మోగని ఫోన్‌కు చార్జింగ్ ఎందుకని ఆ పిల్ల తేవడమే మానేసింది. చిన్నమ్మే రోజూ వెళ్లి అడిగి తెచ్చేది. శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టి, కరెంటు తీగలు తెగాయి. ఆ మసక వెలుతురు ఒక్క ఫోన్‌కే చాలేది. చిన్నమ్మ ఆ పిల్ల ఫోన్‌నే పెట్టింది. తనది ఆరిపోయింది. ఆ శుక్రవారం చిన్నాయనకు లైను కలవలేదు. తర్వాత ఆయన కోప్పడితే, "నువ్వు యాడున్నవో నాకెరుకే. ఆమెకు ఎరుక లేదు," అన్నదట.

ముసురు వెలిసి, శనివారం ఎండ పొడిచింది. సెలవని వెళ్లి నేనూ డాబా మీదే ఉన్నాను. ఆ ఫోన్ మోగింది. "పెట్టెయ్యకు కొడుకా, పిలుస్తున్న," అని ఫోన్‌లో చెప్పి, చిన్నమ్మ పిట్టగోడ మీంచి ఆ పిల్లను కేకేసింది. అతను ఎవరో దోస్తు గదిలో తలదాచుకున్నాడట. టికెట్ దొరికింది, వస్తున్నాడట. వచ్చాడు కూడా. మొన్న చిన్నమ్మ పాడె మోసిన నలుగురిలో అతనొకడు.

నాకు మాత్రం ఆ మధ్యాహ్నమే కళ్లముందు నిలిచింది. తీగ పీకితే మాట తెగిపోతుందని భయపడి, ఆ పిల్ల ఎండలోనే, పలక పక్కన మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడుతోంది. చిన్నమ్మ కొంగును రెండు చేతులా చాపి ఆమె తలకు నీడ పట్టింది. ఆ నీడ పలక మీద పడకుండా, కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతూ.