తల వద్దంది, నోరు కొనమంది

ఆ ఫర్నిచర్ షాపులో మంచాలూ సోఫాలూ అమ్ముతూ సగం జీవితం గడిపిన పెద్దాయనకి యాభై దాటాక తల ఊగడం మొదలైంది. పైకీ కిందకీ ఊగినా బాగుండేది. అడ్డంగా ఊగేది, ఎదుటివాళ్లకి “వద్దు, వద్దు” అని చెబుతున్నట్టు. డాక్టరు చూసి, ఇది నరాల వణుకనీ, మందులతో కాస్త తగ్గుతుంది గానీ పూర్తిగా పోదనీ, ప్రాణానికేం ఢోకా లేదనీ తేల్చేశాడు. ప్రాణానికి లేని ఢోకా ఉద్యోగానికి వచ్చింది.

“ఈ మంచం గట్టిదేనా అండీ?” అని అడిగేవారు. “రాయిలా ఉంటుందండి” అనేది నోరు. తల మాత్రం కాదు కాదనేది. కొనడానికొచ్చిన మొగుడూ పెళ్లాం మొహమొహాలు చూసుకుని, “పాపం, ఓనరుకి తెలియకుండా మనకి సైగ చేస్తున్నాడు” అని గుసగుసలాడుకుని మెల్లగా జారుకునేవారు. ఒకాయనైతే పోతూ పోతూ చెయ్యి నొక్కి, “మీ మేలు మర్చిపోను” అన్నాడు కూడా.

తోటివాళ్లు ఆయనకి “వద్దు మావయ్య” అని పేరు పెట్టారు. ఆయనా వాళ్లతో పాటే నవ్వేవాడు, ఓనరు పిలిచేదాకా.

“సోమవారం నుంచి గోడౌన్లో ప్యాకింగ్ చూసుకోండి బాబాయ్. జీతం తగ్గించనులెండి.”

మాట మెత్తగానే ఉంది. గోడౌన్లో మాత్రం మాట్లాడటానికి మనిషి ఉండడు. మనుషులతో మాట్లాడకపోతే ఆయనకి పొద్దు గడవదు.

రాత్రి భోజనాల దగ్గర భార్య, “కూర ఎలా ఉంది?” అంది.

“బాగుంది” అన్నాడు. తల బాలేదంది.

ఆవిడ ఊగుతున్న ఆ తల వంక చూసి, “ఉప్పు ఎక్కువైందా?” అంది.

“లేదే” అన్నాడు. ఈసారి తల కూడా అదే మాట చెప్పింది.

“చూశారా? తప్పు మీ తలది కాదు, అడిగేవాళ్లది. వాళ్ల చేత సరిగ్గా అడిగించండి.”

మర్నాడు షాపులో ఎవరొచ్చినా, “దీనికి వంక ఏమైనా ఉందా అని అడగండి” అనడం మొదలుపెట్టాడు. వాళ్లు అడిగేవారు, తల లేదనేది. మంచాలు వరసగా అమ్ముడుపోయాయి. గోడౌన్ సంగతి ఓనరు మళ్లీ ఎత్తలేదు.

అలా సాగుతుండగా ఒక బస్సు కండక్టరమ్మ వచ్చింది, ఖంగుమనే గొంతుతో. గోడకి ఆనించిన చెక్క బీరువా మీద ఆవిడ కన్ను పడింది.

“దీనికేమైనా లోపం ఉందా?”

తల లేదంటోంది. నోరు మూసుకుని నిలబడితే చాలు, బీరువా అమ్ముడైపోతుంది. ఓనరు గల్లాపెట్టె దగ్గర్నుంచి చూస్తున్నాడు. పెద్దాయన రెండు చేతులతో గడ్డం గట్టిగా పట్టుకున్నాడు.

“ఉందమ్మా. వెనక చెక్కకి చెద పట్టింది, పైన రంగు వేయించారు. నా తల ఊగడం జబ్బు, దాన్ని నమ్మకండి. నోటి మాట నమ్మండి.”

కండక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఏమీ కొనకుండా వెళ్లిపోయింది. అరగంట తిరక్కుండానే ఓనరు ఆయన్ని గోడౌన్‌కి పంపేశాడు.

అక్కడ అట్టపెట్టెలకి తాళ్లు కడుతూ ఆయన, చేసింది తప్పా అని పదేపదే తనని తాను అడిగి చూసుకున్నాడు. తప్పనిపించలేదు. దిగులు మాత్రం పోలేదు.

ఆ ఆదివారం షాపు ముందు బస్సు డిపో జనం దిగారు. డ్రైవర్లు, కండక్టర్లు, వాళ్ల ఇంటివాళ్లు. ముందు కండక్టరమ్మ.

“ఆ తల ఊగే పెద్దాయన ఏడి?”

“నేను చూపిస్తానమ్మా, ఏం కావాలి?” అన్నాడు ఓనరు.

“సొంత షాపు బీరువాలో చెద ఉందని చెప్పిన మనిషి కావాలి. ఆయన లేకపోతే ఎదురు షాపుకి పోతాం.”

ఓనరే నడుచుకుంటూ గోడౌన్‌కి వెళ్లాల్సి వచ్చింది. పెద్దాయన చొక్కాకంటిన రంపప్పొట్టు దులుపుకుంటూ ఓనరు చెప్పింది నింపాదిగా విన్నాడు.

“వస్తాను బాబూ. ఆ చెదల బీరువా ముందు బయట పారేయించండి. నా తల సంగతి వచ్చినవాళ్లకి గుమ్మంలోనే మీరే చెప్పండి. ఇక నన్ను ఇక్కడికి పంపకూడదు.”

“సరే బాబాయ్” అన్నాడు ఓనరు, తల వంచుకుని.

పెద్దాయన షాపులోకి అడుగు పెట్టగానే నలుగురూ నాలుగు వైపుల నుంచి లాగారు. సోఫా ఎలాంటిదని ఒకరు, పరుపు ఎలాంటిదని ఇంకొకరు. బాగున్నవాటిని బాగున్నాయన్నాడు, రెండు కుర్చీల్ని మాత్రం ముట్టుకోవద్దన్నాడు. తల తన పని తాను చేసుకుపోతూనే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

“తోసుకోకండి, లైన్లో రండి, ముందుకి జరగండి” అని కండక్టరమ్మ వెనక నుంచి కేకలేస్తోంది.