తమ్ముడు కోసిన పెద్ద కొమ్మ

నేను చదివింది ఊరి బడిలోనే అయినా, ఈ తోటలో తొలి ఆపిల్ చెట్టుకు అంటు కట్టింది నేనే. పండ్ల ప్రదర్శనలో మొదటి బహుమతి తెచ్చిన కాయలూ దానివే. కానీ ఏటా చలి తగ్గాక, మొగ్గలు విచ్చుకోకముందే దాని కొమ్మలు కత్తిరించేది మా తమ్ముడు. ఒకసారి నిచ్చెన మీదనుంచి పడ్డాడు. అప్పటినుంచి చెట్టెక్కాలంటే వాడికి వణుకు. అయినా ఎక్కుతాడు.

ఈసారి ఇంటి కప్పు వైపు వాలిన పెద్ద కొమ్మను తీసెయ్యాలి. సగం కోశాక బరువుకు విరిగితే మాను బెరడు కిందిదాకా చీలిపోతుంది. ఇక చెట్టు దక్కదు.

"అన్నయ్యా, నిచ్చెన ఊగుతోంది!"

"ఊగేది నీ కాళ్ళురా. నేను పట్టుకున్నానుగా!"

"నువ్వు పట్టుకున్నావనే నా భయం."

వాడు ముందు కొమ్మకు అడుగున గాటు పెట్టి, తర్వాత కాస్త అవతలగా పైనుంచి కోశాడు. ఫెళ్ళుమంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తెరిచి చూస్తే కొమ్మ నేలమీద ఉంది. చీలిక అడుగు గాటు దగ్గరే ఆగిపోయింది. తమ్ముడు మానును వాటేసుకుని ఉన్నాడు.

"దిగరా!"

"కాళ్ళు రావట్లేదు అన్నయ్యా. నిచ్చెన వదలకు."

వదల్లేదు. వదులుదామన్నా నా వేళ్ళు విడివడేలా లేవు.